మార్చి సభలో తగ్గించిన మొత్తం

మా ఇల్లు బడికి ఎదురుగా ఉంటుంది. వంటింటి కిటికీలోంచి చూస్తే బడి మెట్లూ, జెండా కర్రా, నర్సు గది కిటికీ కనబడతాయి. మా ఆయన పోయాక, మా చెల్లెలు ఫ్లోరిడా వెళ్ళిపోయాక, మేడమీద వాటాని మారిబెత్‌కి అద్దెకిచ్చాను. అద్దె కోసం కాదు. నెత్తిమీద ఎవరో నడుస్తున్న చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదు.

మారిబెత్ వృద్ధుల ఆశ్రమంలో పనిచేస్తుంది. ఆమె కూతురు టెస్ అప్పుడు నాలుగో తరగతి. ఆ పిల్లకి మూర్ఛ ఉంది. వచ్చినది దానంతట అదే ఆగితే సరే, ఆగకపోతే ముక్కులో మందు కొట్టాలి, ఆలస్యం చేయకూడదు. ఆ పని తెలిసిన డెల్ఫీన్ అనే నర్సు పొద్దుటినుంచి సాయంత్రం దాకా బడిలో ఉండేది కాబట్టే టెస్ మా ఊళ్ళో చదువుకోగలిగింది. డెల్ఫీన్ సెలవు పెట్టిన రోజు టెస్ కూడా ఇంట్లోనే. నర్సు గదిలో దీపం వెలుగుతున్నంతకాలం మేడమీద అడుగుల చప్పుడు ఉంటుంది. నా లెక్క అంతే.

ఉత్తర న్యూ హాంప్‌షైర్‌లో మాలాంటి చిన్న ఊళ్ళు బడి బడ్జెట్‌ని ఏటా మార్చిలో అందరూ కూర్చుని తేల్చుకుంటాయి. ఫిబ్రవరిలో ఇంటింటికీ ఒక పుస్తకం వస్తుంది, దేనికెంత ఖర్చు పెట్టబోతున్నారో అందులో వేస్తారు. ఆ ఖర్చంతా మా ఇళ్ళమీద వేసే పన్నులోంచే. నేను ఎనిమిదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఆ తర్వాత చదివిందంతా ఊరూరూ తిరిగే లైబ్రరీ బండిలోంచి తెచ్చుకున్నదే. అందుకేనేమో, అచ్చులో ఏది కనబడినా చివరిదాకా చదవకపోతే ఏదో తప్పిపోతుందని భయం. ఆ ఏడు పుస్తకంలో నర్సు జీతం ఎప్పటిలాగే ఉంది. చూసి ఊపిరి పీల్చుకున్నాను. చుట్టుపక్కల బళ్ళన్నిటినీ చూసే సూపరింటెండెంటు ఆఫీసులో మాత్రం ఒక కొత్త సహాయకుడి ఉద్యోగం కనిపించింది.

ఆ పుస్తకం చదువుతున్న పొద్దున ఆల్డెన్ వచ్చి వాకిట్లో మంచు తోసి, కాఫీకి లోపలికొచ్చాడు. ఆల్డెన్‌కి కొండమీద మేపుల్ చెట్ల తోట ఉంది. ఆ చెట్ల రసంతో పాకం కాచి అమ్ముతాడు. ఇంటి పన్ను కట్టలేక అంతకుముందు శరదృతువులోనే తోటలో సగం పరాయివాళ్ళకి అమ్ముకున్నాడు. వాళ్ళు ఆ చెట్లు కొట్టేసి ఇల్లు కట్టుకుంటున్నారు. ఆ రంపాల చప్పుడు విన్నప్పటినుంచీ మనిషి సరిగ్గా లేడు.

"నవల చదివినట్టు చదువుతున్నావే లియోనా," అన్నాడు పుస్తకం చూసి. "చివర్లో ఎవరు చస్తారో చెప్పెయ్, నాకు చదివే ఓపిక లేదు."

"మనమే," అన్నాను.

నవ్వాడు. తర్వాత ఆ కొత్త ఉద్యోగం మీద వేలు పెట్టాడు. సూపరింటెండెంటుకి ఇప్పటికే ఒక సహాయకుడు ఉన్నాడనీ, ఇప్పుడు ఆ సహాయకుడికి ఇంకో సహాయకుడనీ, రేపు వీళ్ళందరికీ కాఫీ కలపడానికి ఒకణ్ణి పెడతారనీ అన్నాడు. సభలో లేచి సరిగ్గా ఆ జీతమెంతో అంత బడ్జెట్‌లోంచి తగ్గించమని తీర్మానం పెడతానన్నాడు.

తగ్గించినదాన్ని వాళ్ళు వేరేచోట కోస్తేనో అని అడిగాను. ఆల్డెన్ నా వైపు జాలిగా చూశాడు. ఊరంతా ఎందుకు తగ్గిస్తున్నామో ముఖం మీదే చెప్తుంది, బడి బోర్డువాళ్ళు రోజూ మనకి అంగట్లో ఎదురుపడే మనుషులు, చెప్పిందొకటి చేసిందొకటి అయితే వీధిలో తలెత్తుకు తిరగగలరా అన్నాడు. మా ఊళ్ళో ఎవరినడిగినా ఆ మాటే అనేవారు. ఇక్కడ చేతులెత్తి చెప్పినదానికి మించిన కాగితం లేదని మా నమ్మకం.

సభ బడి జిమ్‌లోనే. మడత కుర్చీలు వేశారు. ఎనిమిదో తరగతి పిల్లల యాత్ర ఖర్చుల కోసం ఆడవాళ్ళం ఓ మూల ఆపిల్ పైలు, అంటే పళ్ళముక్కలు పెట్టి కాల్చిన తీపి రొట్టెలు, పెట్టి అమ్ముతున్నాం. లోపలికి వచ్చే ప్రతి ఓటరుకీ పసుపుపచ్చ కార్డు ఒకటి ఇస్తారు. అది పైకెత్తితే ఓటు. ఆల్డెన్ ముందు వరసలో కూర్చున్నాడు. మారిబెత్ పని బట్టల్లోనే వచ్చి నా పక్కన గోడకి ఆనుకుని నిలబడింది.

సభకి వచ్చే ముందే ఆమె నా దగ్గర మాట తీసుకుంది, టెస్ పేరు అక్కడ ఎత్తనని. అంతకుముందు ఏడు ఎవరో వెనకనుంచి "ఒక్క పిల్ల కోసం ఎంత ఖర్చు" అని గొణిగారు. పేరు చెప్పకపోయినా జిమ్‌లో ప్రతి తలా మారిబెత్ వైపు తిరిగింది. ఇంత చిన్న ఊళ్ళో బడ్జెట్‌లో ఒక వరస చూస్తే అది ఏ ఇంటిదో తెలిసిపోతుంది.

ఆల్డెన్ లేచి, కాగితం చూడకుండానే మాట్లాడాడు. తోట అమ్మిన సంగతి చెప్పలేదు. అందరికీ తెలుసు కాబట్టి చెప్పక్కర్లేదు కూడా. ఆ కొత్త ఉద్యోగం మనకి అక్కర్లేదు, దానికి అయ్యేంత తగ్గించండి అన్నాడు. చప్పట్లు కొట్టారు.

సభ నడిపించే హార్లన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏటా చెప్పేదే మళ్ళీ చెప్తున్నాను. మీరు ముట్టుకోగలిగింది పుస్తకంలో చివరి వరసలో ఉన్న మొత్తాన్నే. ఆ మొత్తంలో దేనికెంత అన్నది బోర్డు ఇష్టం. ఆల్డెన్ చెప్పిన ఉద్యోగం కారణం మాత్రమే, తీర్మానం కాదు. అర్థమైందా?"

అర్థమైందని అందరూ తలలూపారు. ఏటా ఊపినట్టే.

పైలు కోసే కత్తి బల్లమీద పెట్టి లేచాను. ఈ కోత నర్సు మీద పడదని బోర్డు ఇప్పుడే చెప్పగలదా అని అడిగాను. బోర్డు అధ్యక్షురాలు గ్రేటా నాకు చిన్నప్పటినుంచీ తెలిసిన పిల్ల. సభలో వ్యక్తమైన అభిప్రాయాన్ని బోర్డు గౌరవిస్తుంది, కానీ ముందుగా మాటివ్వడానికి తనకి వీల్లేదు అంది. "లియోనాకి మంచు కరిగితే వరద, కరక్కపోతే కరువు," అని వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు. నేను కూర్చున్నాను.

హార్లన్ ఓటు పిలిచాడు. వద్దనేవాళ్ళని పిలిచినప్పుడు ఎత్తడానికి నా కార్డు ఒళ్ళో పెట్టుకున్నాను. సరే అన్నవాళ్ళ కార్డులు లేచాయి. నా పక్కన, గోడ దగ్గర, మారిబెత్ కార్డు కూడా లేచింది. ఆమె నా వైపు చూడలేదు. దవడ బిగించి నేరుగా ముందు వరసలో కూర్చున్న సూపరింటెండెంటు వీపు వైపు చూస్తోంది.

తీర్మానం కొద్ది తేడాతో నెగ్గింది. ఆ సాయంత్రం పైలన్నీ అమ్ముడుపోయాయి. ఆల్డెన్ రెండు ముక్కలు కొని, ఒకటి టెస్‌కి పంపించాడు.

ఏప్రిల్‌లో బోర్డు కూర్చున్నప్పుడు చూడ్డానికి వెళ్ళినవాళ్ళం మారిబెత్, ఆల్డెన్, నేను, ఇంకా ఒకరిద్దరం. గ్రేటా కాగితంలోంచి చదివింది. సహాయకుడి నియామకం జనవరిలోనే ఖాయమైంది, ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ మనిషి లేకపోతే రాష్ట్రానికి పంపాల్సిన లెక్కలు ఆలస్యమై, అక్కడినుంచి వచ్చే డబ్బు పోతుంది. కాబట్టి తగ్గిన మొత్తాన్ని వేరే చోట్ల సర్దుతున్నారు. వచ్చే ఏడు నుంచి నర్సు మూడు ఊళ్ళ బళ్ళకీ కలిపి ఒక్కరే. మా బడికి వారంలో రెండు పూటలు.

ఆల్డెన్ లేచాడు. "మేం కోసింది ఆ ఉద్యోగాన్ని."

"మీరు కోసింది మొత్తాన్ని, ఆల్డెన్," అంది గ్రేటా. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఎక్కడ కోయాలో చెప్పడానికి సభకి అధికారం లేదు. హార్లన్ ఆ రోజే చెప్పాడు. నీకూ తెలుసు."

"తెలుసు. కానీ మీరు మనుషులు కదా అనుకున్నాం."

గ్రేటా తల దించుకుని తర్వాతి అంశం చదివింది. బడి పైకప్పు గురించి.

టెస్‌ని చదివించడం తమ బాధ్యతేనని బోర్డువాళ్ళు ఒప్పుకున్నారు. కాకపోతే ఎక్కడన్నది వాళ్ళే చెప్పారు. కనుమకి అవతల పెద్ద బడిలో నర్సు రోజంతా ఉంటుంది, వ్యాన్ పంపిస్తాం అన్నారు. ఆ కనుమ దారిలో ఫోన్లు పనిచెయ్యవు. జనవరిలో మంచు కూలితే దారి మూసేస్తారు. వ్యాన్‌లో డ్రైవరుతో పాటు మందు కొట్టడం తెలిసిన మనిషి ఒకరు ఉండాలని మారిబెత్ అడిగింది. బడ్జెట్‌లో దానికి వీల్లేదు, శరదృతువులో చూద్దాం అన్నారు. ఈలోపల పిల్లకి ఏమైనా అయితే అని అడిగింది.

ఆ రాత్రి అడుగులు చాలాసేపు అటూ ఇటూ తిరిగాయి. పొద్దున మారిబెత్ కిందికొచ్చి, దక్షిణాన నాషువాలో వాళ్ళ పినతల్లి కూతురి దగ్గరికి వెళ్ళిపోతామని చెప్పింది. అక్కడ ఆసుపత్రి, బడి పక్కపక్కనే ఉంటాయట. మంచిదే అన్నాను. ఇంకేమంటాను?

ఆల్డెన్ ఒప్పుకోలేదు. ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకున్నాడు. ఒకసారి సభ తగ్గించిన మొత్తాన్ని మళ్ళీ పెంచాలంటే ఇంకో సభ పెట్టడానికి కోర్టు ఒప్పుకోవాలి. జడ్జి సంతకాలన్నీ చూసి, ఇది అత్యవసరం కిందికి రాదన్నాడు. ఊరు తెలిసే ఓటేసిందన్నాడు. ఆ తర్వాత ఆల్డెన్ అంగడికి రావడం మానేశాడు. ఒకసారి మా వాకిట్లో గడ్డి కోసి, కాఫీకి లోపలికి రాకుండా మెట్ల దగ్గరే నిలబడి అడిగాడు. "మారిబెత్ నన్ను తిడుతోందా?"

లేదన్నాను. నిజమే, తిట్టలేదు. ఆమె చెయ్యి లేచిన సంగతి నా నోటిదాకా వచ్చింది. కానీ అది ఆమె చెప్పుకోవలసిన మాట, నాది కాదు.

ఆగస్టు చివర ఒక శనివారం ఎవరూ పిలవకుండానే ఆల్డెన్ ట్రక్కు తెచ్చాడు. మంచాలూ బల్లలూ కిందికి దింపారు. నేను రొట్టెల్లో గుడ్లు పెట్టి దారికి పొట్లాలు కట్టాను. కట్టిందే మళ్ళీ విప్పి కట్టాను. చేతులకి ఏదో ఒక పని ఉండాలి.

ట్రక్కుకి తాడు బిగిస్తూ ఆల్డెన్ మొదలుపెట్టాడు. "మారిబెత్, ఆ రోజు నేను..."

"నా చెయ్యి కూడా లేచింది," అంది ఆమె తాడు రెండో కొస లాగుతూ. "నువ్వు ముందు వరసలో ఉన్నావు, చూళ్ళేదు."

ఆల్డెన్ తాడు వదిలేశాడు.

"చలికాలమంతా సూపరింటెండెంటు ఆఫీసుకి ఫోన్ చేశాను. ఒక్కసారి కూడా ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళకి తగలాలనుకున్నాను." ఆమె ముడి వేసింది. "అంతే. ఇంక దాని గురించి వద్దు."

టెస్ ట్రక్కులో వస్తానంది. ఎత్తుగా ఉంటుందిట, కనుమ అంతా కనిపిస్తుందిట. మారిబెత్ కొంచెం ఆలోచించి, సంచిలోంచి మందు తీసి ఆల్డెన్‌కి చూపించింది. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూసుకోవాలి, ఆగకపోతే ఇది ఇలా ముక్కులో పెట్టి నొక్కాలి. పెద్ద కష్టం కాదు, నేర్చుకుంటే ఎవరైనా చెయ్యచ్చు అంది. ఆల్డెన్ ఆ మందు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"వద్దు," అని తిరిగి ఇచ్చేశాడు. "ఆ దారిలో ఏమైనా అయితే నా వల్ల కాదు. నీతోనే తీసుకెళ్ళు."

టెస్ ట్రక్కు మెట్టు మీదినుంచి కిందికి దిగింది. మారాం చెయ్యలేదు. అలాంటి మాట వినడం దానికి కొత్త కాదు. వెళ్ళి తల్లి కారులో వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. నేను కిటికీలోంచి పొట్లం అందించాను. ఏదో చెప్పాలనుకుని, గుడ్డు వేడిగా ఉందమ్మా, చూసుకు తిను అన్నాను.

రెండు బండ్లూ ఒకదాని వెనక ఒకటి కదిలాయి. ఊరు దాటడానికి ఉన్నది ఒకటే దారి, బడి ముందునుంచి. మెట్లమీద ఎవరో పిల్లలు కొత్త ఏడాదికి తలుపులకి రంగు వేస్తున్నారు. టెస్‌ని చూసి చేతులూపారు, మళ్ళీ సోమవారం కనబడుతుందనుకుని.