రెండో భాగంలో మస్తాన్

తెర మీద సినిమా నడుస్తోంది, పక్క సీట్లో మస్తాన్ కూర్చుని ఉన్నాడు, ఇందులో వింతేమీ జోజికి కనిపించడం లేదు. మస్తాన్ ఆసుపత్రి గౌనులోనే వచ్చేశాడు, దాని తాళ్ళు ఊడి వీపు మీద వేలాడుతున్నాయి, పొట్ట మాత్రం కిడ్నీలు పాడవకముందటి పొట్టే, చూడగానే జనానికి నవ్వొచ్చే గుండ్రటి పొట్ట. విజయవాడలో ఒకే రేకుల షెడ్డులో ఇద్దరూ కరాటే నేర్చుకున్నారు, 'కరాటే తోడల్లుళ్ళు' సినిమాలో కలిసి తన్ని, కలిసి తన్నులు తిని ఊరూరా నవ్వించారు, ఇప్పుడు ఆడుతున్నది దాని రెండో భాగం.

"ఒరే జోజీ, నా ఎంట్రీ ఎప్పుడ్రా?" అని అడుగుతాడు మస్తాన్, తెర మీంచి చూపు తిప్పకుండా.

షూటింగు మొదలయ్యేసరికి మస్తాన్ పోయాడు, అతను చేయాల్సిన వేషానికి ఇంకెవర్నో తెచ్చి పెట్టారు, ఆ మాటే చెబుదామని జోజి నోరు తెరుస్తాడు, కానీ "వస్తావు, ఉండు" అనే మాట బయటికొస్తుంది.

"ముందు నీ ఒక్కడి మీద నడిపి తర్వాత నన్ను దించుతారన్నమాట. బాగుంది," అని మస్తాన్ సీట్లో సర్దుకుని కూర్చుంటాడు.

హాలు అటూ ఇటూ సాగిపోతూ ఉంటుంది, ముందు వరసలు ఆ పాత షెడ్డులో పరిచిన చాపలవుతాయి, చాపల మీద సెలైన్ స్టాండ్లు నిలబడి ఉంటాయి, వాటి మధ్య ఎక్కడా మనిషి లేడు. తెర మీద జోజి ఒక జోకు వేసి, ఎడమ పక్కకి తిరిగి, ఎవరూ లేని చోటు వంక చూస్తూ ఆగుతాడు. మళ్ళీ జోకు, మళ్ళీ ఆగడం.

"ఎవరూ నవ్వరేంట్రా?"

"సౌండు బాగాలేదు."

"సౌండు కాదురా. నువ్వు మాటేసి ఆగుతున్నావు. అక్కడ నేనందుకోవాలిగా."

మస్తాన్ జోజి మోచెయ్యి పట్టుకుంటాడు, ఆ చెయ్యి చల్లగా లేదు, మామూలుగా, బరువుగా ఉంది, అదే జోజిని ఎక్కువ భయపెడుతోంది.

"లుంగీ ఫైటు పెట్టారా?"

ఆసుపత్రి మంచం మీద ఇద్దరూ కలిసి అల్లుకున్న ఫైటు అది. ఒకే లుంగీలో ఇరుక్కుపోయిన తోడల్లుళ్ళిద్దరూ రౌడీల్ని కొట్టాలి. సూది గుచ్చి ఉన్న చేత్తోనే మస్తాన్ దుప్పటి మీద రెండు వేళ్ళు నడిపించి, గెంతించి చూపించాడు, నర్సమ్మ వచ్చి కోప్పడేదాకా.

"పెట్టారు," అంటాడు జోజి.

అనగానే తెర మీద అదే మొదలవుతుంది. పెద్ద లుంగీలో జోజి ఒక్కడే ఉన్నాడు, రెండో సగం ఖాళీగా కొట్టుకుంటోంది, ఆ ఖాళీయే అతన్ని పక్కకి లాగి పడేస్తోంది, లేస్తున్నాడు, మళ్ళీ పడుతున్నాడు, కొట్టడానికి రౌడీలైనా లేరు.

"ఇక్కడే కదా నేను," అంటూ మస్తాన్ గౌను తాళ్ళు ముడేసుకుంటాడు, వేళ్ళతో జుట్టు దువ్వుకుంటాడు, చూస్తాడు, ఇంకా చూస్తాడు. "నన్ను తీసేశారా?"

"తీసెయ్యలేదురా."

"మరి?"

మస్తాన్ లేచి నడవలోంచి తెర వైపు పరుగు తీస్తాడు, తెల్లటి గుడ్డకి పొట్ట ఆనించి తోస్తాడు, అరచేతుల్తో తడుముతూ లోపలికి దారి వెతుకుతాడు, తెర మీది జోజి లుంగీ చివర పట్టుకుని అతని వైపు చాపుతూనే ఉంటాడు, సీట్లో ఉన్న జోజి ఒరే ఆగరా అని అరవబోతాడు...

లైట్లు వెలిగాయి. ఇంటర్వెల్. తెనాలిలో మ్యాట్నీ. తన సినిమాకి జనం నవ్వుతున్నారో లేదో చూసుకుందామని టోపీ కిందికి లాక్కుని వచ్చి, అరగంటకే నిద్రపోయాడు జోజి. హాల్లో అక్కడక్కడా పదిమంది కూడా లేరు. చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుంది.

వెనక సీట్లో ఒకావిడ భర్తని అడుగుతోంది. "ఆ లావుపాటాయన రాలేదేంటండీ ఇంకా?"

"వస్తాడులే, సెకండాఫ్‌లో."

జోజి టోపీ తీసి వెనక్కి తిరిగాడు.

"రాడమ్మా," అన్నాడు. "సినిమా మొదలుపెట్టకముందే పోయాడు."

ఆవిడ అతన్ని పోల్చుకుంది. చేతిలో సమోసా పొట్లం ఒళ్ళో పెట్టుకుంది.

"అయ్యో," అంది. "ఆయన కోసమే వచ్చామండీ మేము."

భర్త ఇబ్బందిగా ఆవిడ చెయ్యి తట్టాడు. జోజికి ఆ మాట తప్పుగా అనిపించలేదు. సినిమా వచ్చిన దగ్గర్నుంచీ అందరూ కథ బాగాలేదన్నారు, పాటలు బాగాలేవన్నారు, మస్తాన్ లేడని మాత్రం ఒక్కరూ అనలేదు.

"నేనూ అంతేనమ్మా," అన్నాడు.

సెకండాఫ్ బెల్లు మోగింది. ఆవిడ సంచీ తీసుకుని లేచింది. వాళ్ళ వెనకే జోజి కూడా బయటికి, ఎండలోకి నడిచాడు.