మురాద్‌నగర్ దగ్గర దిగిపోయాం

కరోల్ బాగ్‌లో కారు ఆపే చోటు దొరకలేదు. "అమ్మా, నువ్వెళ్ళి దాన్ని పిలుచుకురా. నేను ఈలోగా ఒక చుట్టు తిరిగొస్తా" అన్నాడు మా అబ్బాయి శివరామకృష్ణ. వాడు, కోడలు మైథిలి, నేను పొద్దున్నే నోయిడా నుంచి బయలుదేరాం. మాతో రావలసిన నాలుగో మనిషి నా కూతురు భానుశ్రీ.

ఆరేళ్ళుగా ఆ సందులో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతోంది. చివరి అవకాశం కూడా పోయిందని తెలిసి పది రోజులైంది. ఏడవలేదు. "అన్నయ్యా, అందరం కెంప్టీ జలపాతం చూసొద్దామా?" అని తనే ఫోన్ చేసింది. తేరుకుంటోందని మేం సంతోషించాం.

మూడంతస్తులు ఎక్కేసరికి పక్కగది అమ్మాయి హాసిని పుస్తకాల దొంతర మోసుకుంటూ ఎదురైంది.

"నమస్తే ఆంటీ. అక్క నోట్సంతా నాకే ఇచ్చేసింది. టేబుల్ ఫ్యానేమో కింది దీదీకి ఇచ్చింది."

"ఈ ఎండల్లో ఫ్యానెందుకమ్మా ఇచ్చేయడం?"

"ఇంక అక్కర్లేదంది ఆంటీ."

గదిలో మంచం తప్ప ఏమీ లేదు. భాను శుభ్రంగా తల దువ్వుకుని నిలబడి ఉంది. "ఏంటమ్మా అలా చూస్తావు? చదువైపోయినవాళ్ళు ఇక్కడ అందరూ ఇలాగే ఇచ్చేస్తారు" అంది. నిజమే కాబోలనుకున్నాను.

కారులో మైథిలి అడిగింది, "జలపాతం కింద తడుస్తావా భానూ?"

"కింద ఏముంది వదినా, అంతా జనమే. పైన నీళ్ళు పడే అంచు దాకా దారి ఉందట."

"ఐఏఎస్ రాకపోయినా మా చెల్లి ఎత్తులోనే కూర్చోవాలి" అన్నాడు వాడు. భాను మా అందరికంటే ఎక్కువసేపు నవ్వింది.

కాళ్ళకు అడ్డంగా ఉందని దాని బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నాను. బరువే లేదు. భాను కిటికీలోంచి చూస్తుంటే జిప్పు తీశాను. ఒక తువ్వాలు, బ్యాగు నిండుగా కనిపించేలా ఉండలు చుట్టి కుక్కిన పాత పేపర్లు. మూడు రోజుల ప్రయాణానికి ఒక్క జత బట్టలు లేవు.

జిప్పు మూసేశాను.

"ఒరే, బండి వెనక్కి తిప్పు."

"ఏమైందమ్మా?"

"తిప్పమన్నానా!"

"వాంతి వస్తోందా అత్తయ్యా?" అంది మైథిలి.

"హోటల్ బుక్ చేశాను. ఈ సెలవు కోసం మా మేనేజర్ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. నీ భయాలూ నువ్వూ!" అన్నాడు వాడు.

దాని ఎదురుగా ఆ మాట ఎలా అనను? అంటే నేనే గుర్తుచేసినట్టవుతుందేమో. అనకపోతే ఆ అంచు దాకా నేనే తోడు వెళ్ళినట్టవుతుంది. మురాద్‌నగర్ దగ్గర లారీల వెనక కారు ఆగింది. తలుపు తీసి, భాను మణికట్టు పట్టుకుని రోడ్డు మీదికి లాగాను. వెనక హారన్లు మోగాయి. "మాతాజీ, మర్నా హై క్యా?" అని, చావాలనుందా అన్నట్టు, ఎవడో అరిచాడు. చెరకురసం బండి పక్కకు లాక్కెళ్ళాను.

"బట్టలేవే?"

"మర్చిపోయానమ్మా."

"పేపర్లు కుక్కడం మర్చిపోలేదుగా."

భాను చేయి విడిపించుకోబోయింది.

"అక్కడ దూకేద్దామనుకున్నావా?" నోరెలా వచ్చిందో, అడిగేశాను.

"మీరెవరూ చూడకుండా అనుకున్నానమ్మా" అంది.

తిట్టుకుంటూ వచ్చిన శివరామకృష్ణ ఆ మాట విన్నాడు. కారు తాళాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "నేనందుకేనా హోటల్ బుక్ చేసింది? భానూ, నేను జోకులేస్తున్నానే..." అని మట్టిలోనే కూర్చున్నాడు.

"లేరా. డాక్టరు దగ్గరికి పోదాం. ఇప్పుడే" అన్నాను.

"డాక్టరేం చేస్తాడమ్మా? ఆరేళ్ళూ తెచ్చిస్తాడా?" అంది భాను.

"రేపటి సంగతి అడగను. సాయంత్రం దాకా ఉంటానని చెప్పు. సాయంత్రం మళ్ళీ అడుగుతాను. రాత్రికి మళ్ళీ అడుగుతాను" అన్నాను.

అది ఉంటాననలేదు. "చేయి నొప్పి పెడుతోందమ్మా" అంది.

పెట్టనీ అనుకుని, ఆ చేయి అలాగే పట్టుకుని కారెక్కాను.