సీతమ్మ నూరిన పొడి

"మా ఇంట్ల మందులు నూరుతున్నరు. మోకాళ్ల నొప్పులుంటే సెప్పున్రి," అన్నాడు కైలాసం, వడ్ల బేరానికి వచ్చినవాళ్లతో. వాళ్లు పగలబడి నవ్వారు. లోపల అతని భార్య జమున కల్వంలో తెల్లటి పొడి నూరుతూనే ఉంది. సూర్యాపేట కాలేజీలో ఫిజిక్సు పాఠాలు, ఇంట్లో పదిమందికి వంట, ఆ రెండింటి సందులో దొరికిన కాస్త టైములో ఈ పరిశోధన. హైదరాబాదు ల్యాబులో ఫర్నేసు ఆమెకు ఇక ఈ శనివారం ఒక్కరోజే ఇస్తారు. కిందటిసారి ఈ పొడిని బిళ్లలుగా అదిమి కాలిస్తే, ఒక్కోటి ఒక్కోలా కరెంటు చూపించాయి. పొడి సమంగా కలవలేదన్నారు ప్రొఫెసరు. కలవదు మరి, ఇంటెడు పప్పు రుబ్బి వచ్చిన చేతుల్లో సత్తువ ఎక్కడిది? ఈసారీ అంతే అయితే నాలుగేళ్ల కష్టం గంగపాలు. ఆ మాట తలచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది.

అత్త సీతమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఏందే ఇది?"

"పింగాణి లాంటిదే అత్తమ్మా. ఉత్తగ కాలిస్తే దీంట్ల కరెంటు పారదు. ఇందుల బేరియం అనేటిది ఉంటది. వెయ్యి పాళ్లల్ల మూడు తీసి, ఆ జాగల లాంథనం పెడితే కరెంటు పారుతది. ఎక్కువేస్తే లోపలి పలుకులు మరీ సన్నగయి మళ్ల బందైతది."

"అంటే కోడలు లెక్క. ఒక్కతొస్తే ఇంటి తీరే మారె. నలుగురొస్తే ఇగ ఇల్లు నడుస్తదా?" అని నవ్వి, సీతమ్మ చెయ్యి చాచింది. "ఇటియ్యి."

మూడు రోజులు నూరింది. ఆ చెయ్యి ఒక్కసారీ తడబడలేదు. మధ్యలో కొడుకు అన్నం అడిగితే, "గిన్నెల ఉంది, పెట్టుకో" అంది తలెత్తకుండా.

శనివారం పన్నెండు బిళ్లలూ ముదురు నీలంగా కాలి వచ్చాయి. మీటరు పెడితే అన్నింటిలో ముల్లు ఒక్కచోటే నిలిచింది. తిరుగు బస్సులో జమున తనలో తానే నవ్వుకుంటూ వచ్చింది.

థీసిసు రాయడం అయ్యేటప్పుడు కైలాసం దగ్గరికొచ్చాడు. "మొదటి పేజీల మొగనికి కృతజ్ఞతలు రాస్తరట గద. సదువద్దని నేనెన్నడన్న అన్ననా?"

"అనలే," అంది జమున. అడ్డుపడకపోవడమే పెద్ద సాయమని ఇన్నాళ్లూ తానూ నమ్మింది కదా అని నవ్వొచ్చింది. కలం తీసి ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసి, అత్తకు తెలుగులో చదివింది: "ఈ పొడులన్నీ నూరినవారు మా అత్తగారు సీతమ్మ."

సీతమ్మ కోడలి పక్కకు జరిగి కూర్చుంది.

"యాభై ఏండ్ల సంది నూరుతున్న బిడ్డా. తిన్నోళ్లు రుచి సెప్పిన్రు గని, నూరింది ఎవరని ఒక్కరు అడగలే. మల్లొకపారి సదువు."