మైకులో పిలవాల్సిన పేరు

మణుగూరులో మైక్‌సెట్లు కిరాయికిచ్చే మతీన్‌ని నేను. పెళ్లయినా, ఉరుసైనా, కబడ్డీ పోటీలైనా మైకు పడితే వదలనని మా ఇంట్లో నా మీద పెద్ద ఫిర్యాదు. వదలకపోవడమే మంచిదైంది మొన్న, ఉంగి పుణ్యమా అని.

ఛత్తీస్‌గఢ్ గొడవల్లో ఇల్లు కాలిపోయి ఉంగి అమ్మానాన్నలు మా మణుగూరు అడవికి వచ్చారు. ఉంగి ఇక్కడే పుట్టింది. అయినా ఆ పిల్లకు కుల సర్టిఫికెట్టు లేదు, వాళ్ల గుంపుకు ఊరన్న గుర్తింపూ లేదు. అందరూ వాళ్లను గుత్తికోయలంటారు.

ఆదివాసీ ఆడపిల్లల కబడ్డీ పోటీలకు ఉంగి తన జట్టును వెంటేసుకుని నడిచి వచ్చింది. పోటీలు పెట్టిన బలరాంకు గుండెల్లో రాయి పడింది.

"గుత్తికోయ జట్టంటే, బయటోళ్లను ఎందుకు ఆడిపిస్తున్నవని లొల్లి జేస్తరు. పక్కూరి పేరు మీద రెండో జట్టుగ ఆడున్రి. నేను జూసుకుంట" అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు పాపం. ఉంగి మాత్రం ఒప్పుకోలేదు.

"పక్కూరి పేరుతోని ఆడితే పక్కూరే ఆడినట్టయితది. గుత్తికోయ అని మేం పెట్టుకోలే, మీరు పెట్టిన్రు. మా భాషల మేం కోయతూర్. మైకుల గట్ల పిలిస్తే ఆడ్తం, లేకుంటే పోతం."

పోవడమంటే వచ్చిన దారంతా ఎండలో మళ్లీ నడవడం. అయినా జట్టంతా ఉంగి వెనకే నిలబడింది. నాకెంత ముచ్చటేసిందో! తనెవరో సర్కారు తేల్చలేకపోతోంది గానీ, ఆ పిల్లకు మాత్రం ఏ అనుమానమూ లేదు.

నాకు కాస్త తిక్క ఎక్కువ. "మైకు నాది బలరాం భాయ్" అని, ఆయన ఆపేలోపే అరిచాను. "కోయతూర్ జట్టు గ్రౌండుకు రావాలె!"

ఉంగి జట్టు వచ్చింది. అటుపక్కన కూర్చున్న పక్కూరి జట్టూ లేచి వచ్చింది. వాళ్లు ఇక్కడి కోయ పిల్లలు, కెప్టెన్ శ్యామల.

"మీరెందుకొచ్చిన్రు?" అన్నాడు బలరాం.

"పిలిచిన్రు గద అన్నా. కోయతూర్ అంటే మేమే. ఇంట్ల మా నాయనమ్మ గట్లనే అంటది."

"గా పేరు వీళ్లదట."

శ్యామల ఉంగి వైపు తిరిగి తన భాషలో ఏదో అడిగింది. ఉంగి తన భాషలో జవాబిచ్చింది. ఒకరి మాట ఒకరికి అర్థమై ఇద్దరూ నవ్వేశారు.

"వాళ్లు బయటోళ్లయితే మేం గూడ బయటోళ్లమే అన్నా" అంది శ్యామల. "మా జట్టుకు గూడ గదే పేరు పెట్టున్రి. వాళ్లను ఆడనియ్యకుంటే మేం గూడ ఆడం."

బలరాం తల పట్టుకున్నాడు. "మీరూ మీరే ఆడుకోన్రి!"

ఆడుకున్నారు. తిప్పలన్నీ నావే. పాయింటు ఎవరికొచ్చినా కోయతూరే అనాలి. విన్నవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. హోరాహోరీగా ఆడి చివరికి ఉంగి జట్టు ఓడింది.

"కోయతూర్ గెలిచింది!" అని చెప్పి మైకు కట్టేయబోయాను. ఉంగి రొప్పుతూ వచ్చింది.

"ఓడినోళ్ల పేరు చెప్పవా భాయ్?"

మైకు ఆమె చేతికే ఇచ్చాను.

"ఓడింది గూడ కోయతూరే!" అని తలెత్తి చెప్పింది ఉంగి.