ఊఁ కొట్టేవాళ్ళు

మైదా చిక్కబడే దాకా గరిటె ఆపకూడదు. ఆపితే ఉండలు కడుతుంది. ఉండలు కట్టిన బంకతో అతికించిన పేజీ ఆరాక గడ్డలు గడ్డలుగా లేచి, చదివేవాళ్ళ ప్రాణం తీస్తుంది. అందుకే గ్రంథాలయం వెనక వరండాలో, స్టవ్వు ముందు పీట వేసుకుని బంక పిన్ని చెయ్యి ఆపకుండా కలుపుతోంది. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసింది. గిన్నె దించి, ముక్కు మీది చెమట మోచేత్తో తుడుచుకుంది. వేళ్ళతో తుడుచుకోవడం మానేసి ఏళ్ళయింది. ఆ వేళ్ళకి ఎప్పుడూ బంకే. గోళ్ళ అంచుల్లో ఎండిన మైదా ఎంత రుద్దినా పోదు. ఊళ్ళోవాళ్ళు ఆ పేరు ఊరికే పెట్టలేదు మరి.

బల్ల మీద నవల సిద్ధంగా ఉంది. నిన్న మధ్యాహ్నం పైకి చదువుతుండగా దాని చివరి ఆకు అడ్డంగా చిరిగి, సగం ఆమె చేతిలోకి వచ్చేసింది. కథలో పడవవాడి కూతురు ఇల్లు వదిలి, నానా తిప్పలూ పడి, ఆఖరికి సొంత ఊరి రేవులో దిగి ఇంటి దారి వైపు చూస్తూ నిలబడింది. సరిగ్గా అక్కడ చిరిగింది. వినేవాళ్ళంతా లబోదిబోమన్నారు. ఆ ముక్కే పట్టుకుని చదివెయ్యమని టైలరమ్మ ఒకటే గోల. బంక పిన్ని ససేమిరా అంది. చిరుగు దగ్గర అక్షరాలు పోతాయి. పోయిన మాట ఊహించి చెప్పాలి. అలా చెప్తే అది చదవడం కాదు, బొంకడం అంటుంది ఆమె.

ఇప్పుడు ఆ ముక్కలు కలుపుతూ, అక్షరాల మీద పాత క్యాలెండరు కాగితం కప్పింది. కథ ముందే చదివేస్తే మధ్యాహ్నం తన గొంతులో తెలిసిపోతుందని భయం. డ్రైవరు బాబాయ్‌కి కళ్ళు పోయాయి గానీ, ఆయనవి పాము చెవులు. పల్చటి కాగితం పట్టీ వేసి అదిమి, పైన బరువుకి రాయి పెట్టింది. అప్పుడే లోపల్నుంచి కొత్త మేడం పిలిచింది.

కొత్త మేడం అంటే ఈమధ్యే బదిలీ మీద వచ్చిన లైబ్రేరియను. చిన్న వయసు, చెడ్డది కాదు. కాకపోతే పై ఆఫీసు పేరెత్తితే చాలు, కూర్చున్న మనిషి కూడా లేచి నిలబడుతుంది. ఆమె బల్ల మీద ఒక అట్టపెట్టె విప్పి ఉంది. అందులో నల్లటి మిషనొకటి, చెవులకి తగిలించుకునేవి కొన్ని.

"పిన్నిగారూ, పైనుంచి ఆర్డరొచ్చింది. రేపట్నుంచి హాల్లో పైకి చదవడం ఉండదు. ఇదే చదువుతుంది. ఎవరి చెవిలో వాళ్ళకి. మీకూ గొంతు నొప్పి తప్పుతుంది."

"నా గొంతుకేం మేడం, లక్షణంగా ఉంది. మరి వాళ్ళు ఊఁ ఎవరికి కొడతారు?"

మేడం నవ్వింది. "ఊఁ కొట్టక్కర్లేదండీ. వింటే చాలు."

"వింటున్నారో లేదో దానికెలా తెలుస్తుంది?"

"దానికి తెలియక్కర్లేదు."

బంక పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. తెలియక్కర్లేదట! ఏదో అనబోయి, నోరు జారితే పని పోతుందని గుర్తొచ్చి, అనకుండా వరండాలోకి వచ్చేసింది. వచ్చి, అనవసరంగా ఒక మంచి పుస్తకం వెన్ను మీద బంక దట్టంగా పట్టించింది.

ఆమెకి ఆ మాట ఎందుకంత తగిలిందో ఆమెకే తెలుసు. పెళ్ళయి వచ్చింది మామగారి బైండింగు కొట్టుకి. మడిచిన అచ్చు కాగితాల ఫారాలు వరసలో పేర్చాలంటే అంకెలు రావాలి, అంకెల వెంట అక్షరాలు వచ్చాయి, అక్షరాల వెంట కథలు. రాత్రి అన్నాల దగ్గర ఆ కథలు మొగుడికి చెప్పబోయేది. మంచివాడే, చెయ్యెత్తి ఒక్కనాడు కొట్టలేదు, తాగి రాలేదు. కానీ ఆమె చెప్పే మాటకి ఊఁ అనేవాడు కాదు, ఊహూఁ అనేవాడూ కాదు. కంచంలోకి చూస్తూ తినేవాడు, చెయ్యి కడుక్కునేవాడు, పడుకునేవాడు. కొన్నాళ్ళకి ఆమె చెప్పడం మానేసింది. అతను పోయాక కొట్టు మూతపడి, గ్రంథాలయంలో రోజుకూలీకి చిరిగిన పుస్తకాలు కుట్టే పనిలో చేరింది. ఇంట్లో ఆమె మాట విన్న నాథుడు లేడు. బయట ఆమెని మాట్లాడమన్న నాథుడూ లేడు. గ్రంథాలయం కదా, గోడ మీద నిశ్శబ్దం అని బోర్డు.

ఆ బోర్డు కిందే ఒకనాడు డ్రైవరు బాబాయ్ నిలబడి గట్టిగా అరిచాడు. జీవితమంతా లారీ నడిపినవాడు, అప్పటికి చూపు పూర్తిగా మసకబారింది. "ఇన్ని పుస్తకాలు పెట్టుకున్నారు, నాకు ఒక్కటీ పనికిరాదా?" అన్నాడు. అప్పటి లైబ్రేరియనుగారు అలవాటు కొద్దీ గోడ మీది బోర్డు వైపు వేలు చూపించారు. బంక పిన్ని చేతులు చీరకి తుడుచుకుని, "రా బాబాయ్, కూర్చో. నే చదువుతా" అంది. ఒక వాక్యం చదివింది. ఆయన "ఊఁ" అన్నాడు. చదివే మనిషి ఠక్కున ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గుడ్డివాడు కాబట్టి సరిపోయింది.

ఆ తర్వాత చదువు రాని టైలరమ్మ వచ్చింది, కుట్టుపని ఒళ్ళో పెట్టుకుని. ఇస్త్రీ అన్న వచ్చాడు, నిద్రలో కూడా ఊఁ కొట్టే ఘనుడు. ఇంకా ఒకరిద్దరు వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. మధ్యాహ్నం మూడింటికి మూల బల్ల దగ్గర చేరడం ఊళ్ళో అలవాటయింది. పిన్ని పద్ధతి ఒకటే. నాలుగు మాటలు చదివి ఆగుతుంది. ఊఁ వినపడితేనే ముందుకి. టైలరమ్మది సూదిలా చిన్న ఊఁ, దారం పళ్ళ మధ్య ఉండగా అనేది. డ్రైవరు బాబాయ్‌ది గేరు మార్చినట్టు రెండు ముక్కల "ఊఁ... హుఁ". కథ నచ్చకపోతే ఆ రెండో ముక్క ముక్కులోంచి వస్తుంది.

ఇవాళ మూడింటికి ముందే మేడం మిషను తెచ్చి బల్ల మీద పెట్టింది. అలవాటు చేసుకోండి అని టైలరమ్మకీ, బాబాయ్‌కీ చెవులకి తగిలించింది. ఇద్దరూ బుద్ధిగా కూర్చున్నారు. కాసేపటికి బాబాయ్ హాలు దద్దరిల్లేలా "ఊఁ... హుఁ" అన్నాడు. అవతలి మూల పేపరు చదివే పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు. టైలరమ్మ కథలో ఇంకో వాక్యం దగ్గర "ఊఁ" అంది. మిషను దారిన అది పోతోంది.

"ఓ అమ్మాయ్, కాస్త ఆగు! ఊపిరైనా తీసుకోవేం? నేనింకా వెనకాలే ఉన్నా!" అని బాబాయ్ మిషన్ని కసిరాడు. ఇస్త్రీ అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. మేడం కూడా నవ్వు ఆపుకుంటూ పెదవి కొరుక్కుంది గానీ, "అలవాటవుతుంది" అంది.

బాబాయ్ ఆ చెవులది తీసి బల్ల మీద పెట్టాడు. "అదెవరో పాపం నాతో మాట్లాడ్డం లేదమ్మా. దాని పాటికది మాట్లాడుకుంటోంది. బంకమ్మాయ్, పేజీ ఆరిందా?"

"ఆరింది బాబాయ్."

"ఆ పిల్ల ఇంటికి పోదు, చూడు. పోతే నా చెవి కోసిస్తా."

"పోతుంది. పోకేం చేస్తుంది, కన్నవాళ్ళేగా" అంది టైలరమ్మ.

"పిన్నిగారూ, ఆర్డరు..." అంది మేడం.

"రేపట్నుంచన్నారు మేడం. ఇవాళ ఇంకా ఇవాళే" అని పిన్ని పుస్తకం తెరిచింది. చిరిగిన ఆకు కంటే ముందరి ఆకు నుంచి మొదలుపెట్టింది, నిన్నటి తాడు అందుకోవడానికి. రేవులో నీళ్ళు, బురదలో దిగిన పాదాలు, తాడు కట్టని పడవ. నాలుగు మాటలు, ఊఁ. నాలుగు మాటలు, ఊఁ. ఇస్త్రీ అన్న అప్పుడే కునుకులోంచి ఊఁ కొడుతున్నాడు. పిన్ని పేజీ తిప్పింది. అతికిన పట్టీ వేలికి నున్నగా తగిలింది. మొదటి వాక్యం చదివి ఆగింది.

టైలరమ్మ ఊఁ వచ్చింది. ఇస్త్రీ అన్నది వచ్చింది. గేరు మారలేదు.

"బాబాయ్?" అంది. ఆయన గడ్డం ఛాతీ మీదికి వాలి ఉంది. కునికాడేమో అనుకోవడానికి లేదు, కథ మధ్యలో ఆయన ఏనాడూ కునకలేదు. ఆమె కేకేసింది. మేడమే పరుగెత్తి పక్క సందులోని ఆస్పత్రి కాంపౌండరుని పిలుచుకొచ్చింది. అతను నాడి చూశాడు, కనురెప్పలెత్తి చూశాడు, చెవి ఆనించి విన్నాడు. "అయిపోయిందమ్మా. బాధ పడినట్టు కూడా లేదు" అన్నాడు మెల్లగా. బాబాయ్ కూతురు ఊరి చివర మిల్లులో పని చేస్తుంది. ఆమెకి కబురు వెళ్ళింది. ఆమె వచ్చే దాకా మనిషిని కదపకూడదనుకున్నారు.

మేడం తాళాలు అందుకుంది. "అందరూ బయటికి వెళ్ళండి. హాలు మూసేస్తాను. ఇప్పుడు పైవాళ్ళకి నేనేం చెప్పాలి?"

టైలరమ్మ ఏడుస్తూ లేచింది. బంక పిన్ని లేవలేదు. ఆమె కూడా ఏడుస్తోంది, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఒక పేజీ ఉంది మేడం."

"ఇప్పుడా? ఏమిటండీ మీరు!"

"ఇప్పుడే. ఆయన నిన్నట్నుంచీ దీని కోసమే కాచుక్కూర్చున్నాడు. మధ్యలో వదిలేసి ఎలా పంపిస్తాం?"

తన కుర్చీని బాబాయ్ కుర్చీ పక్కకి జరుపుకుని చదివింది. నాలుగు మాటలు చదివి ఆగింది. హాల్లో చడీచప్పుడు లేదు. ఆమె ఆగే ఉంది. ఊఁ లేకుండా ముందుకి పోవడం ఆమెకి చేతకాదు. చాలాసేపటికి టైలరమ్మ దుఃఖం దిగమింగి "ఊఁ" అంది. ఇస్త్రీ అన్న, ఈసారి మెలకువగా, "ఊఁ" అన్నాడు. ఇంకోటి రావాలి. బంక పిన్ని గొంతు సవరించుకుని, గేరు మార్చినట్టు, "ఊఁ... హుఁ" అని తనే అంది. అని, ముందుకి చదివింది.

ప్రతి వాక్యానికీ అలాగే. పడవవాడి కూతురు ఇంటి దారి వైపు చూసింది. ఇంట్లో దీపం కనబడుతోంది. కాసేపు నిలబడింది. తర్వాత చీర చెంగు నడుముకి దోపి, పడవని నీళ్ళలోకి నెట్టి, ఎక్కి తెడ్డు పట్టింది. అంతే. కథ అయిపోయింది.

"పోలేదు" అంది టైలరమ్మ ముక్కు ఎగబీలుస్తూ. "నీదే నిజం బాబాయ్. నేనోడిపోయా." బంక పిన్ని పుస్తకం మూసి, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. మేడం గుమ్మంలోనే నిలబడి ఉంది. హాలు మూయలేదు.

కూతురు వచ్చింది, ఏడ్చింది. నలుగురూ కలిసి ఆయన్ని బండిలోకి ఎక్కించారు. వీధి ఖాళీ అయ్యాక మేడం నెమ్మదిగా అంది. "ఇవాళ్టికి ఊరుకున్నాను పిన్నిగారూ. రేపట్నుంచి మాత్రం కుదరదు. నా ఉద్యోగం పోతుంది."

"మీ ఉద్యోగం పోకూడదు మేడం, నిండు నూరేళ్ళూ ఉండాలి. నన్ను పనికి వద్దంటే మానేస్తాను, బంక ఇంకెవరితోనైనా కాయించుకోండి. మూడింటికి మాత్రం వస్తాను. చదువుకునేవాళ్ళకి తలుపు తీసుండాలిగా. మా చదువు ఇలాగే ఉంటుంది, వాళ్ళు ఊఁ అంటారు. పోలీసుల్ని పిలుస్తారో, పైవాళ్ళని పిలుస్తారో, మీ ఇష్టం. పిలిస్తే వాళ్ళనీ కూర్చోమనండి. రేపు కొత్త కథ మొదలవుతుంది."

మేడం మిషన్ని పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది, కాసేపు సర్ది అది కూడా వదిలేసింది.

మూల బల్ల దగ్గర ఊడవడానికి బంక పిన్ని చీపురు తీసుకుని వంగింది. ఆయన కుర్చీ కింద ఒక చెప్పు ఉండిపోయింది, ఎత్తుకెళ్ళేటప్పుడు జారినట్టుంది. ఎడమ కాలిది. పూర్వం ఎప్పుడో తెగిన వారుని లారీ వైరుతో మెలేసి బిగించుకున్నాడు. ఆమె దాన్ని తీయలేదు. చుట్టూ ఊడ్చి, కుర్చీని సరిగ్గా దాని పైకి జరిపి, దీపం ఆర్పింది. మడమ దగ్గర అరిగి గుంట పడిన ఆ చెప్పు, వేళ్ళ వైపు ఆమె కుర్చీకేసి తిరిగి, అక్కడే ఉంది.