వద్దన్న మొక్కలు

బొంగరం మొక్కల మూడో వరుసకు వచ్చేసరికి గొట్టంలో నీళ్ళు సన్నబడి, దగ్గినట్టు ఓ చప్పుడు చేసి ఆగిపోయాయి. గొట్టాన్ని విదిలించాడు. మోటారు దగ్గరికి పరుగెత్తాడు. కాలిన వాసన వచ్చింది. గోదాము రేకుల కప్పు కింద అప్పటికే వేడి రాజుకుంటోంది.

అతని అసలు పేరు ఆ గోదాములో ఎవరికీ గుర్తులేదు. ఓచోట నిలబడడు, కూర్చోడు. పెళ్ళి ఫోటోలో సైతం అతనొక్కడి మొహమే కదిలిపోయి ఉంటుంది. కుట్టుపని, అచ్చుపని, బస్సుల్లో టిక్కెట్లు కొట్టే పని, అన్నీ పట్టి వదిలినవే. ఇక్కడ మాత్రం కుదురుకున్నాడు. విదేశాల నుంచి వచ్చే పెట్టెలను దిగీ దిగగానే విప్పి, అడిగిన సరుకే వచ్చిందో లేదో చూడటం అతని పని. రోజుకో కొత్త పెట్టె ఉంటే అతనికి చాలు.

ఈ గులాబీ మొక్కలూ అలాగే సముద్రం దాటి వచ్చాయి. పెట్టె మూత తీయగానే ఓ మొగ్గ విచ్చుకుని కనిపించింది, ఎర్రగా. యజమాని కొన్నది తెల్లవాటిని. ఇవి మావి కావు, తీసుకుపొండని ఆ పూటే అమ్మినవాళ్ళకు కబురు వెళ్ళింది. వాళ్ళు ఒప్పుకుని, తాత్సారం చేసి చేసి, ఈ సాయంత్రానికి లారీ పంపుతామన్నారు.

యజమాని చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "వద్దన్నాం కదాని వదిలేస్తే కుదరదయ్యా. వాళ్ళు తీసుకెళ్ళేదాకా కాపాడే పూచీ కొన్నవాడిదేనని వకీలు మరీ మరీ చెప్పాడు. ఇప్పుడు ఎండబెట్టామంటే మన నోరు లేవదు."

"మెకానిక్కు?"

"రేపుగానీ రాడట."

"సాయంత్రందాకా కూడా ఇవి ఆగవు అయ్యగారూ," అంటూనే బొంగరం బకెట్లు అందుకున్నాడు.

కూలీలంతా రేవులో ఉన్నారు. వీధి చివర లాండ్రీ వెనక కుళాయి ఉంది. అక్కడికీ ఇక్కడికీ తిరుగుతూనే ఉన్నాడు. నీళ్ళు నిండేలోపు కూడా ఊరుకోలేక పక్క గోడకున్న నాచు గోకాడు.

భోజనానికి రాలేదని భార్య డబ్బా పట్టుకుని వచ్చింది. నీలంగా మారిన అతని పెదవులు చూసి డబ్బా కింద పెట్టింది.

"గుండె డాక్టరు ఏం చెప్పాడు మీకు? బరువులు ఎత్తమన్నాడా?"

"ఇంకో రెండు వరుసలే."

"తిప్పి పంపే సరుక్కి ఇన్ని సేవలేంటండీ?"

"తిప్పి పంపుతున్నామని వాటికి తెలీదుగా."

ఆమె ఏదో గొణుక్కుని, చేతులు పైకి మడిచి, అతని చేతిలో బకెట్ లాక్కుంది. నీళ్ళు ఆమె మోసింది. చెంబుతో అతను పోశాడు. వాలిన ఆకులు ఒక్కొక్కటే లేచాయి.

పొద్దు వాలుతుండగా లారీ వచ్చింది. అమ్మినవాళ్ళ తరఫు మనిషి కొమ్మలు వంచి చూశాడు, వేళ్ళ దగ్గర మట్టి నలిపి చూశాడు. "బాగా ఉంచారే," అన్నాడు. యజమాని గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. ఆఖరి మొక్క ఎక్కేదాకా బొంగరం లారీ చుట్టూ తిరుగుతూ, తాడు బిగించమన్నాడు, కొత్త చిగుళ్ళకు గాలి తగలకుండా గోనె కప్పమన్నాడు.

లారీ మలుపు తిరిగింది. ఖాళీ అయిన గోదాములో అతను ఒక పెట్టె మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు.

యజమాని పిలవబోతే బొంగరం భార్య ఆపింది. "లేపకండి బాబూ. ఇన్నేళ్ళకి కుదురుగా కూర్చున్నారు."

బయటికి వెళ్ళి ఇద్దరికీ టీ తెచ్చింది. తనది నిలబడే తాగింది. అతనిది పక్కనే పెట్టి, చల్లారకుండా సాసరుతో మూసింది. తడిసిన చొక్కా ఒంటికి అంటుకుని ఉందని సర్దబోయింది. చేతి కింద ఛాతీ కదలడం లేదు. ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది. చాలాసేపు ఎవరినీ పిలవలేదు.

తర్వాత మనుషులు వచ్చారు, అతన్ని తీసుకెళ్ళారు, యజమాని తలుపు దగ్గరగా వేశాడు. పెట్టె మీద టీ గ్లాసు అలాగే ఉంది, సాసరు లోపలివైపు ఆవిరి చుక్కలు కట్టి.