బతికున్నవాడి మీద దావా

మాఘమాసంలో మునిలక్ష్మికి రెండో పెళ్ళి. మొదటి పెళ్ళి ఇంకా తెగలేదు, అదీ చిక్కు. మొగుడు మునిరత్నం తొంభై రెండులో ఇల్లు విడిచిపోయాడు, ఇప్పటికి ఎనిమిదేళ్ళు. ఎన్నేళ్ళు వేరుగా ఉన్నా పెళ్ళి దానంతటది రద్దు కాదు, కోర్టు రద్దు చేయాల్సిందే అన్నాడు పుత్తూరు లాయరు కృష్ణమూర్తి. కులపెద్దలు రాసిచ్చిన విడుపు కాగితాన్ని చూసి నవ్వి పక్కన పెట్టేశాడు.

ఆయనే తేలిక దారి కూడా చూపించాడు. మొగుడు బతికున్నట్టు ఏడేళ్ళుగా ఎవరికీ కబురు లేదని దావా వేస్తే కోర్టు అతన్ని చచ్చినట్టే లెక్కేస్తుంది, ఎదురు చెప్పేవాడూ ఉండడు. దానికి సాక్ష్యం చెబుతానని అత్త సుబ్బులమ్మే నగరి నుంచి బస్సెక్కి వచ్చింది. కోడలి కోసం ఆ మహాతల్లి గడప దాటడం ఇదే మొదలు. మునిలక్ష్మిని చేసుకోబోయే మునీంద్ర కూడా వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

లాయరు రాసింది చదివి వినిపించాడు. మునిలక్ష్మి పెన్ను తీసుకున్నట్టే తీసుకుని బల్ల మీద పెట్టేసింది.

"ఇది అబద్దం సార్. ఆయన తడలో టీ అంగడి పెట్టుకోని ఉండాడు."

"నువ్వు సూసినావా?" గయ్యిమంది సుబ్బులమ్మ.

"పోయిన నెల సూసినా. ఆడ టీ కాసే ఆమె కట్టుకోనుండే కోక నా మగ్గం మీద దిగిందే. అంచులో రెండు పోగులు తప్పినాను, నాకు తెలీదా? తిరుచానూరు అమ్మవారికి మొక్కు ఉండాదని నువ్వే గదత్తా ఆ కోక తీసకపోయింది!"

ఒళ్ళు మండదూ మరి! కోడలు నేసిన చీర సవతికి పెట్టి వచ్చిన మనిషి, కొడుకు ఉన్నాడో లేడో తెలియదని ప్రమాణం చేయడానికి సిద్ధమైంది. విడాకులు లేకుండా రెండోదాన్ని కట్టుకున్న సంగతి బయటపడితే వాడు జైలుకు పోతాడని ఆమె భయం.

"నీకు కావాల్సింది విడాకులే గదే? ఏం రాస్తే ఏమి?"

"నీ కొడుకును నువ్వు సంపుకుంటే సంపుకో. నేను సంపను. నన్ను ఇడిసిపెట్టి పోయినాడని రాయండి సార్. నోటీసు తడకే పంపండి."

"అతను వచ్చి కొట్లాడొచ్చమ్మా," అన్నాడు లాయరు. "ఏడాది పట్టొచ్చు. తీర్పొచ్చినా అప్పీలు గడువు దాటేదాకా పెళ్ళి చేసుకోకూడదు."

మునీంద్ర గొంతు సవరించుకున్నాడు. "మాఘం దాటితే వేరే సంబంధం సూస్తానంటా ఉండాది మాయమ్మ."

మునీంద్ర అంటే మునిలక్ష్మికి ప్రాణం. అయినా తల దించలేదు.

"అబద్దమాడి నీ ఇంటికొస్తే, రేపు ఆయనొచ్చి వాకిట్లో నిలబడితే నా గతేంది? మొగుడు సచ్చిందాన్ని కాదు, మొగుణ్ణి కోర్టుకు ఈడ్చినదాన్ని సేసుకుంటా ఉండానని మీయమ్మకు సెప్పు. సెప్పేదానికి భయమైతే ఇప్పుడే లేసి పో."

మునీంద్ర లేవలేదు. లాయరు కొత్త కాగితం తీశాడు. సుబ్బులమ్మ మాత్రం సంచీ చంకన పెట్టుకుని, తడకు బస్సు ఎన్నింటికో గుమాస్తాను అడిగి, గబగబా మెట్లు దిగిపోయింది.